ఏం పని చేస్తావని అడిగే డాక్టరు



ఈ పూట సంగతి ఏమిటో తెలియగానే కొందరు రేడియో శబ్దం తగ్గించి, పక్కన ఎవరైనా ఉన్నారా అని చూసుకుంటారు. తగ్గించుకోండి గానీ ఆపేయకండి. మగపిల్లలకు, మగవాళ్లకు రొమ్ములు పెరగడం గురించి, దానికి ఆపరేషన్ చేయించుకోవాలనుకుంటే డాక్టరును ఎట్లా చూసుకోవాలన్న దాని గురించి చెబుతాను. వైద్యులు దీన్ని గైనకోమాస్టియా అంటారు. మన కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు దీన్ని జబ్బని తలిచి ఆసుపత్రికి పోయేవాళ్లు తక్కువ. వెక్కిరించడానికి మాత్రం పేర్లు చాలానే ఉన్నాయి. అవి రేడియోలో చెప్పేవి కావు.

ఈ సమస్య ఉన్న కుర్రాడిని పోల్చుకోవడం కష్టమేమీ కాదు. ఎండాకాలంలో తోటివాళ్లంతా ఎల్లెల్సీ కాలువలో దూకుతుంటే వాడు గట్టు మీద కూర్చుని బట్టలకు కాపలా ఉంటాడు. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గరికి పోయినా చొక్కాతోనే నీళ్లు పోసుకుంటాడు. మే నెలలో కూడా చొక్కా కింద బిగుతు బనియను, ఒక్కోసారి రెండు. భుజాలు ముందుకు వంచి నడుస్తాడు. ఇంట్లో పెద్దవాళ్లేమో కారణం తెలియక "నిటారుగా నడువప్పా, ముసలోని మాదిరి ఏంది ఆ నడక" అని కసురుతారు. పెళ్లిసంబంధం మాట ఎత్తితే ఇంకో ఏడాది ఆగుదామంటాడు. ఎందుకు ఆగాలో చెప్పడు.

ఎవరికీ చెప్పుకోలేని ఆ కుర్రాడు చివరికి ఫోనుకు చెప్పుకుంటాడు. ఒక్కసారి వెతికితే చాలు, ఇక ప్రకటనలు వాణ్ని వదలవు. గంటలో అయిపోతుందంటారు, సాయంత్రానికి ఇంటికి పోవచ్చంటారు, మచ్చ కనబడదంటారు, డబ్బు నెలవారీ వాయిదాల్లో కట్టుకోమంటారు. బెంగళూరులో కట్టడం పనిలో ఉన్న అన్నో, బావో ఉండనే ఉంటాడు, పడుకోవడానికి చోటు దొరుకుతుంది. రాత్రి ఆదోనిలో రైలెక్కితే పొద్దునకు అక్కడ దిగొచ్చు. అంటే వాడి ఛాతీ మీద ఏ వైద్యుడూ చేయి పెట్టకముందే ఆపరేషను, ఊరు, డాక్టరు మూడూ ఖాయమైపోయాయన్నమాట. నా పేచీ ఇక్కడే. ఆపరేషనంటే నాకు వ్యతిరేకత లేదు. సరిగ్గా చేస్తే అది మంచి ఆపరేషను, మనిషిని మళ్లీ నలుగురిలో నిలబెట్టే ఆపరేషను. కానీ డాక్టరును ఎంచుకోవడం ప్రకటనతో మొదలు కాకూడదు.

ముందుగా పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ఈడొచ్చే మగపిల్లల్లో ఇంచుమించు సగం మందికి రొమ్ము మొన కింద చిన్న గడ్డలాగా చేతికి తగులుతుంది. ముట్టుకుంటే నొప్పి కూడా ఉండొచ్చు. ఆ వయసులో ఒంట్లో హార్మోన్లు కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది, ఈ గడ్డ అందులో భాగం. చాలామందిలో ఆరు నెలల నుంచి రెండేళ్లలో దానంతట అదే కరిగిపోతుంది. అప్పుడే పుట్టిన బిడ్డలో కూడా తల్లి హార్మోన్ల వల్ల రొమ్ములు ఉబ్బుతాయి. పాలు పిండాలని కొందరు ముసలమ్మలు వాటిని నొక్కుతుంటారు. దయచేసి నొక్కకండి, చీము పడుతుంది. ఇక పద్నాలుగేళ్ల పిల్లవాణ్ని చూసి వెంటనే కోసేద్దామనే డాక్టరు దగ్గర నుంచి నమస్కారం పెట్టి లేచి రావచ్చు. మంచి వైద్యుడు ఆ వయసులో కొలత రాసుకుంటాడు, ఆరు నెలలకు మళ్లీ రమ్మంటాడు. మొదటి నెలల్లో నొప్పి బాగా ఉంటే టామాక్సిఫెన్ అనే మందు వాడటం ఉంది. అది వైద్యుడు చూసి రాయాల్సిందే, మందుల షాపులో అడిగి తెచ్చుకునేది కాదు. ఏళ్ల తరబడి నిలిచిపోయి, లోపల నారలా గట్టిపడిన గడ్డను మాత్రలు కరిగించలేవు. ఆపరేషన్ మాట వచ్చేది అప్పుడే.

రెండో రకం ఉంది. అందులో గడ్డ ఉండదు, వట్టి కొవ్వు. ఒళ్లు పెరిగినవాళ్లలో ఛాతీ మీద చేరిన కొవ్వు చూడటానికి అచ్చం రొమ్ములాగే ఉంటుంది. ఈ రెంటికీ తేడా కంటికి దొరకదు, చేతికి దొరుకుతుంది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు తల కింద పెట్టుకోమని, బొటనవేలు చూపుడువేలు రెండు పక్కల నుంచి మొన వైపుకు తెచ్చి నొక్కి చూస్తారు. గ్రంథి ఉంటే మొన కింద బిళ్లలాగా అడ్డం తగులుతుంది. కొవ్వయితే ఏ అడ్డూ లేకుండా వేళ్లు కలుసుకుంటాయి. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనే వ్యాపారి గుట్టను దూరం నుంచి చూసి ధర చెప్పడు. గుప్పెడు దూది తీసి, వేళ్ల మధ్య లాగి, పింజ పొడవు చూసుకుని గానీ నోరు విప్పడు. ఫోనులో పంపిన ఫోటో చూసి ఆపరేషన్ ప్యాకేజీ చెప్పేసే క్లినిక్‌కు ఆ పాటి పట్టింపు కూడా లేదని దీన్ని బట్టి మీరే తెలుసుకోవచ్చు.

చేయి పెట్టి చూడటం ఛాతీతో అయిపోదు. ఇది కొంచెం బిడియం కలిగించే మాటే అయినా చెప్పాలి. ఈ సమస్యతో వచ్చిన మగవాడి వృషణాలు కూడా పరీక్ష చేయాలి. వృషణంలో పుట్టే కొన్ని కణితులు ముందుగా ఛాతీ దగ్గరే బయటపడతాయి, కింద నొప్పీ వాపూ ఏమీ తెలియకుండానే. ఇంకొకటి, పుట్టుకతో ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఎక్కువగా ఉండే పిల్లలుంటారు. దీన్ని 1942లో అమెరికాలో వర్ణించిన వైద్యుడి పేరు మీద క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ అంటారు. 500 నుంచి 1000 మంది మగశిశువుల్లో ఒకరికి ఇది ఉంటుంది. మనిషి పొడుగ్గా ఉంటాడు, మీసం గడ్డం పలుచగా వస్తాయి, వృషణాలు చిన్నవిగా గట్టిగా ఉంటాయి, రొమ్ములు పెరుగుతాయి. పెళ్లయ్యాక పిల్లలు లేకపోతేనో, ఇట్లా రొమ్ముల కోసం వస్తేనో తప్ప బయటపడదు. చాలామందిలో అసలు బయటపడనే పడదు. అటువంటి కుర్రాడు ఛాతీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు గుర్తుపట్టగలిగితే హార్మోను వైద్యం మొదలుపెట్టవచ్చు. ఏమీ చూడకుండా కోసి పంపేస్తే ఆ అవకాశం పోయినట్టే. కాబట్టి డాక్టరు ప్యాంటు విప్పమన్నాడని కోపం తెచ్చుకోకండి. విప్పమని అడగనివాడి మీదే అనుమానపడండి.

తర్వాత మీరు వేసుకునే మాత్రల సంగతి. గుండెకో కాలేయానికో ఒంట్లో నీరు దిగడానికి ఇచ్చే స్పైరనోలాక్టోన్, కడుపులో మంటకు ఇచ్చే సిమెటిడిన్, మానసిక వైద్యంలో వాడే రిస్పెరిడోన్, జుట్టు రాలకుండా వాడే ఫినాస్టరైడ్, హెచ్ఐవీ మందుల్లో ఎఫావిరెంజ్, ఇవన్నీ కొందరు మగవాళ్లకు రొమ్ములు పెంచుతాయి. అట్లాగని మీ అంతట మీరు మాత్ర ఆపేయకూడదు. రాసిన డాక్టరుకు చెబితే బదులు మందు చూస్తాడు. సారాయితో కాలేయం చెడినవాళ్లలో, మూత్రపిండాలు పాడైనవాళ్లలో, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసేవాళ్లలో కూడా ఇది కనబడుతుంది. ఇప్పుడు ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ జిమ్ములు పెరిగాయి. కండ తొందరగా రావాలని తీసుకునే స్టెరాయిడ్ సూదులు ఈ సమస్యకు పేరుమోసిన కారణం. ఒంట్లోకి అవసరానికి మించి ఎక్కిన మగ హార్మోనులో కొంత ఆడ హార్మోనుగా మారుతుంది. కండల కోసం పోయిన కుర్రాడికి రొమ్ములు రావడం ఎంత విచిత్రమో చూడండి. సూది ఆపకుండా ఆపరేషన్ చేయించుకుంటే మళ్లీ పెరుగుతుంది, ఆ రెండో ఆపరేషన్ మొదటిదానికంటే కష్టం.

అందుకే మొదటి మెట్టు సర్జన్ దగ్గర కూడా కానక్కరలేదు. ఆదోని ఏరియా ఆసుపత్రిలోనో, కర్నూలు పెద్దాసుపత్రిలోనో ఓపీ చీటీ రాయించుకుని జనరల్ మెడిసిన్‌కో జనరల్ సర్జరీకో చూపించుకోండి. 1956లో వైద్య కళాశాల పెట్టినప్పటి నుంచి పడమటి పల్లెలకు కర్నూలు పెద్దాసుపత్రే ఆఖరి దిక్కు. కాలేయం, మూత్రపిండాలు, థైరాయిడ్, హార్మోన్ల రక్తపరీక్షలు, అవసరమైతే ఛాతీకి, వృషణాలకు స్కానింగు. ఇవి చేయించుకుని ఆ కాగితాలతో సర్జన్ ముందుకు పోయినవాడికీ, ప్రకటన చూసి ఖాళీ చేతులతో పోయినవాడికీ దక్కే మర్యాదే వేరు. వరసలో నిలబడాలి, ఒక రోజు కూలి పోతుంది, నిజమే. బెంగళూరు పోయి రావడానికి పోయే కూలితో పోలిస్తే అది తక్కువే.

ఇక కోసే చేయి ఎవరిదన్న ప్రశ్నకు వద్దాం.

ఈ ఆపరేషన్ కొత్తదేం కాదు. ఏడో శతాబ్దంలో ఏజినాకు చెందిన పౌలు అనే గ్రీకు వైద్యుడు మగవారి రొమ్ము కింద నెలవంక ఆకారంలో కోసి కొవ్వు తీయడాన్ని రాసిపెట్టాడు. ఇప్పటి పద్ధతికి దారి 1946లో వెబ్‌స్టర్ అనే సర్జన్ వేశాడు. మొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచున, కింది సగంలో కోస్తే మచ్చ ఆ రంగులో కలిసిపోతుంది. ఆ తర్వాత సన్నటి గొట్టంతో కొవ్వు లాగేసే లైపోసక్షన్ వచ్చి చేరింది. ఇప్పుడు చాలామందికి రెండూ కలిపి చేస్తారు. కొవ్వును గొట్టంతో లాగుతారు, గ్రంథిని అంచు కోతలోంచి తీస్తారు. వట్టి లైపోసక్షన్‌తో సరిపెడితే గట్టి బిళ్ల లోపలే మిగిలిపోయి, వాపు తగ్గాక మొన మళ్లీ పొడుచుకొచ్చినట్టు కనబడుతుంది. అట్లాగని గ్రంథిని ఆసాంతం ఊడ్చేస్తే మొన లోపలికి పోయి గుంట పడుతుంది. ఎంత వదలాలో తెలియడమే ఇందులో పనితనం. గుంట పడిన ఛాతీని సరిచేయడం పెరిగిన ఛాతీని తగ్గించడంకంటే కష్టమని ఈ పని చేసేవాళ్లే చెబుతారు. చర్మం బాగా వేలాడుతున్నవాళ్లకు చర్మం కూడా తీయాలి, అప్పుడు మచ్చ కనబడుతుంది. మీకు అటువంటి ఛాతీ ఉండి కూడా మచ్చే ఉండదని ఎవరైనా చెబితే ఆ మాట దగ్గరే ఆగి ఆలోచించండి.

డిగ్రీ చూడాలి. మన దేశంలో ఎంబీబీఎస్ తర్వాత ఎంఎస్ జనరల్ సర్జరీ చేసి, ఆపైన ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ, డీఎన్‌బీ గానీ చేసినవాళ్లు ఈ పనికి ప్రత్యేకంగా తయారైనవాళ్లు. రొమ్ము ఆపరేషన్లలో చేయి తిరిగిన జనరల్ సర్జన్లు కూడా ఇది చేస్తారు, బాగా చేసేవాళ్లున్నారు. కాస్మెటిక్ సర్జన్ అని బోర్డు మీద రాసుకోవడానికి మాత్రం మన దగ్గర ఆ పేరుతో విడిగా గుర్తింపు పొందిన ఎంసీహెచ్ లేదు. ఆ మాట కింద ఏ డిగ్రీ ఉందో చదవాలి. 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ జుట్టు నాటే చికిత్స మీద సూచనలిస్తూ, వర్క్‌షాపులోనో యూట్యూబులోనో చూసి నేర్చుకున్నది ఇటువంటి చికిత్సలు మొదలుపెట్టడానికి చాలదని రాయాల్సి వచ్చింది. రాయాల్సిన అవసరం వచ్చిందంటే పరిస్థితి ఎట్లా ఉందో ఊహించుకోండి.

ప్రతి వైద్యుడూ తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లో కనబడేట్టు పెట్టాలి, మందుల చీటీ మీద, రసీదు మీద వేయాలి. 2002 నాటి వైద్య నీతి నియమావళి ఇట్లా చెబుతుంది. 2023లో కొత్త నియమాలు తెచ్చి కొద్ది రోజులకే నిలిపివేశారు కాబట్టి పాతవే అమల్లో ఉన్నాయి. ఆ నంబరును జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులో వేస్తే పేరు, డిగ్రీ, ఏ రాష్ట్ర మండలిలో నమోదయ్యారో వస్తాయి. ప్రకటనను వెతికిన ఫోనే దీన్నీ వెతుకుతుంది. ఆసుపత్రికి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. మన రాష్ట్రంలో 2002 చట్టం, కర్ణాటకలో 2007 చట్టం కింద ఇస్తారు.

డిగ్రీ, నంబరు సరిపోయాయనుకుందాం. ఇప్పుడు మన పడమటి పల్లెలవాళ్లు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. రాత్రి పూట ఛాతీ ఒక పక్క ఉబ్బిపోతే ఎవరు వస్తారు?

ఈ ఆపరేషన్‌లో తొందరగా వచ్చే చిక్కుల్లో ఎక్కువగా కనబడేది కుట్ల కింద రక్తం చేరడం. సాధారణంగా మొదటి ఒకటి రెండు రోజుల్లో జరుగుతుంది. ఛాతీ ఒక వైపు బిర్రబిగుసుకుంటుంది, నొప్పి పెరుగుతూ పోతుంది, చర్మం కమిలిపోతుంది. వెంటనే మళ్లీ థియేటర్‌లోకి తీసుకుపోయి, కుట్లు తెరిచి, రక్తం తీసి, కారే నాళాన్ని మూయాలి. ఆలస్యమైతే చర్మానికి, మొనకు హాని. సాయంత్రానికి ఇంటికి పంపించే ఆపరేషన్ అన్నారు కదా, ఆ ఇల్లు కోసిగి అయితే? ఆసుపత్రి నాలుగు వీధుల అవతల ఉన్నవాళ్ల కోసం అన్న మాట అది. బెంగళూరులో పొద్దున కోయించుకుని రాత్రి రైల్లో వచ్చేస్తే, గుంతకల్లు దగ్గర ఛాతీ ఉబ్బడం మొదలైతే చేసిన డాక్టరు ఫోనులో ఏం చేయగలడు? ఆదోని, ఎమ్మిగనూరు నర్సింగ్ హోముల్లో వారానికో పక్షానికో ఒకసారి బయటి ఊరి నుంచి వచ్చి ఆపరేషన్లు చేసి పోయే సర్జన్లుంటారు. వాళ్లు వచ్చి పోవడం మన ప్రాంతానికి మేలే. కానీ వాళ్లు పోయాక ఆ రాత్రి చూసుకునే డాక్టరు ఎవరు, ఆయనకు కుట్లు తెరవడం వచ్చా, మత్తు డాక్టరు ఊళ్లోనే ఉంటాడా అని అడగాలి. పేర్లతో సహా జవాబు వస్తే సరే. "ఏం కాదులేప్పా, ఎవరికీ కాలేదు" అన్నది జవాబు కిందికి రాదు.

దూరం పోవద్దని నేననడం లేదు. కర్నూలు వంద కిలోమీటర్లకు అటూ ఇటూ, రాయచూరు దానికంటే దగ్గర. బళ్లారి, హైదరాబాదు, బెంగళూరు ఎక్కడికైనా పోండి. దూరం పోతే కనీసం రెండు మూడు రోజులు ఆ ఊళ్లోనే ఉండండి, పక్కన ఒక మనిషిని ఉంచుకోండి. తిరిగి చూపించుకోవడానికి ఎన్నిసార్లు రావాలో ముందే తెలుసుకుని ఆ రైలు ఖర్చు, కూలి నష్టం కూడా ఆపరేషన్ లెక్కలో కలుపుకోండి. చవకగా కనబడిన చోటు అప్పుడు చవక కాకపోవచ్చు.

మంచి సర్జన్‌ను పోల్చుకోవడానికి నా దగ్గర ఒక కొలత ఉంది. పుస్తకాల్లో ఉండదు, నాకు మాత్రం దాని మీద నమ్మకం. ఆయన మిమ్మల్ని "ఏం పని చేస్తావు" అని అడిగాడా లేదా అని చూడండి.

ఎందుకంటే ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు బిగుతు బనియను తొడగాలి, రాత్రి పగలు. చల్లని గదిలో కూర్చుని పనిచేసేవాడికి అది ఒక ఇబ్బంది, ఏప్రిల్‌లో కోసిగిలో మట్టి పని చేసేవాడికి అది నరకం. చెమట నిలిచి చర్మం పాసిపోతుంది, విప్పి పారేస్తాడు, నీరు చేరుతుంది. కూర్చుని చేసే పనికి వారం పది రోజుల్లో పోవచ్చు. పత్తి బోరాలు మోసేవాడు, సిమెంటు తట్టలెత్తేవాడు, మగ్గం మీద రోజంతా చేతులాడించే ఎమ్మిగనూరు నేతపనివాడు నెలకు పైగానే ఆగాలి. మన దగ్గర ఎన్నో ఇళ్లవాళ్లు పత్తికీ మిరపకాయకూ గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. సుగ్గికి బయలుదేరే వారం ముందు ఆపరేషన్ చేయించుకున్న కుర్రాడు డాక్టరు చెప్పిన విశ్రాంతి తీసుకుంటాడా, మేస్త్రీ దగ్గర ముందుగా తీసుకున్న అడ్వాన్సు తీర్చడానికి సంచులెత్తుతాడా? రెండోదే చేస్తాడు. పని గురించి అడిగిన సర్జన్ "సుగ్గి నుంచి వచ్చినాక చూద్దాం, ఇంట్లో రెండు నెలలు ఉండేటప్పుడు రా" అంటాడు. అడగని సర్జన్ తేదీ రాసిస్తాడు. ఇద్దరి డిగ్రీ ఒకటే కావచ్చు.

సైన్యంలో చేరడానికి ప్రయత్నించే కుర్రాళ్లది ఇంకో తొందర. వైద్యపరీక్షలో దీన్ని అభ్యంతరంగా రాసే సందర్భాలున్నాయి. వాళ్లు ఆ కాగితాన్ని సర్జన్‌కు చూపించి, గాయం మానడానికి ఎంత వ్యవధి కావాలో ముందే మాట్లాడుకోవాలి.

ఆయన చేసిన ఆపరేషన్ల ఫోటోలు చూపించమని అడగండి. మీలాంటి ఛాతీ ఉన్నవాళ్లవి, ముందు నుంచీ పక్క నుంచీ, ఒకే వెలుతురులో తీసినవి, ఆపరేషనయ్యి ఆరు నెలలు దాటినవి చూడాలి. వాపు పూర్తిగా దిగి అసలు ఆకారం తేలడానికి అంత సమయం పడుతుంది. పక్షం రోజుల ఫోటోతో ఏమీ తెలియదు. బాగా రానివి ఏమైనా ఉన్నాయా అని కూడా అడగండి. ఉన్నాయని చెప్పి, అప్పుడు ఏం చేశాడో వివరించే మనిషి దొరికితే మీ అదృష్టం. మీ ఫోటోలు తీస్తే ముఖం రాకూడదు, మీ రాతపూర్వక అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదు.

సంతకం పెట్టే కాగితం తెలుగులో ఉండాలి, లేదంటే ఎవరైనా తెలుగులో చదివి చెప్పాలి. ఏ ఆపరేషన్ చేస్తారు, వేరే దారులేమున్నాయి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఏ చిక్కులు రావచ్చు అన్నవి రోగికి అర్థమయ్యేలా చెప్పి తీసుకున్నదే అసలైన అనుమతి అని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చిక్కుల్లో మొన దగ్గర స్పర్శ తగ్గడం, రెండు వైపులా సమానంగా రాకపోవడం, మచ్చ ఉబ్బెత్తుగా పెరగడం ఉండొచ్చని ఆయన నోటితో చెప్పాలి. ఒంటి మీద ఇంతకుముందు దెబ్బ తగిలినచోట మచ్చ ఉబ్బి ఉంటే మీరే చూపించండి. తీసిన గ్రంథిని బయాప్సీకి పంపిస్తారా అని తప్పకుండా అడగండి, ఆ రిపోర్టు మీ చేతికి తీసుకోండి.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. చెప్పిన మొత్తంలో మత్తు డాక్టరు, పరీక్షలు, బిగుతు బనియను, బయాప్సీ ఉన్నాయా, సరిదిద్దాల్సి వస్తే ఎవరు భరిస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి. అందం కోసం చేసే ఆపరేషన్లకు ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదు. వైద్యపరంగా అవసరమని డాక్టరు రాసిస్తే అడిగి చూడొచ్చు. ఎన్టీఆర్ వైద్యసేవ కింద వస్తుందో రాదో ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగండి. ఊళ్లో సూదులు వేసే ఆర్ఎంపీ ఫలానా క్లినిక్‌కే పొమ్మని పట్టుబడితే కొంచెం వెనక్కి తగ్గండి. అర్ధరాత్రి జ్వరానికి తలుపు తీసేది ఆయనే, ఆ విలువ నేను కాదనను. కానీ రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ వైద్య నీతి నియమావళి నిషేధించినవే. రసీదులన్నీ దాచుకోండి. వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. బెంగళూరులో జరిగినదానికి కర్నూలులో అడగొచ్చన్నమాట.

ఇంట్లో చెప్పకుండా పోవాలనుకునేవాళ్లకు ఒక మాట. 2016లో హైదరాబాదులో ఒక యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఎత్తు పెరగడానికి కాళ్ల ఆపరేషన్ చేయించుకున్నాడు, అమ్మానాన్నలకు చెప్పకుండా. వాళ్లు వెతుక్కుంటూ వచ్చి ఆసుపత్రిలో చూసుకున్నారు. అప్పట్లో పత్రికల్లో పెద్ద చర్చ జరిగింది. చట్టప్రకారం పద్దెనిమిది నిండినవాడి సంతకం చాలు. కానీ మత్తు దిగాక నీళ్లిచ్చేదెవరు, ఛాతీ ఉబ్బితే డాక్టరును లేపేదెవరు? నాన్నకు చెప్పలేకపోతే మేనమామకో, అక్కకో, బావకో చెప్పండి. ఎవరికీ చెప్పుకోలేక మనసు కుంగిపోతుంటే టెలీమానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ఖర్చుండదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇదంతా కుర్రాళ్ల గోల అనుకుని వింటున్న పెద్దవాళ్లలో ఎవరికైనా, యాభై అరవై ఏళ్ల మనిషికి, ఒక్క వైపే, మొనకు కాస్త పక్కగా, రాయిలాంటి గడ్డ తగులుతూ ఉంటే, చర్మం లోపలికి లాగినట్టున్నా, మొన నుంచి రక్తం మరక పడినా, చంకలో బిళ్ల కట్టినా, మీకు ఇప్పటిదాకా చెప్పిన వెతుకులాట వద్దు. రొమ్ము క్యాన్సర్లలో మగవాళ్లవి నూటికి ఒకటి లోపే. కానీ మగవాడికి రాదనుకోవడం వల్లనే ఆ ఒక్కటీ ముదిరిపోయాక ఆసుపత్రికి చేరుతుంది. కాస్మెటిక్ క్లినిక్‌లు చూసుకుంటూ కూర్చోకండి. ఈ వారంలోనే, పని ఉన్నా మానుకుని, కర్నూలు పెద్దాసుపత్రిలో సర్జరీ ఓపీకి పోండి. గడ్డ ఎప్పుడు మొదట చేతికి తగిలిందో నెల గుర్తుచేసుకుని పోండి, డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే.